ఫైర్‌లైన్ మీద వామి

ఆ ఎండాకాలమంతా మాల్యాద్రి ఎవరితో మాట్లాడినా పోట్లాటలాగే ఉండేది. "బాగుండావా?" అని పలకరించిన వాళ్ళను కూడా "నీ ఇంటెనక గడ్డి కోసినావా?" అని ఎదురడిగేవాడు. దాంతో అతను ఎదురొస్తుంటే జనం పక్క సందులోకి తప్పుకోవడం మొదలుపెట్టారు. తప్పుకోరూ మరి! పొద్దున లేచింది మొదలు అదే గోలయితే ఎవరు వింటారు? కానీ ఆ గోలలో ఒక్క ముక్కా అబద్ధం లేదు.

అనంతసాగరానికి పడమట, వెలిగొండ అంచున ఉంటుంది ఆ కాలనీ. సోమశిల డ్యామ్ కట్టినప్పుడు ముంపులో పోయిన ఊరివాళ్ళకు ఇచ్చిన స్థలాలవి. ఐదు వరసలు, తొంభై ఇళ్ళు. ఐదో వరస వెనక నుంచే కొండ మొదలవుతుంది. మధ్యలో గోడ లేదు, కాలవ లేదు. ఉన్నదంతా సర్కారు తుమ్మ కంప, నడుమెత్తు బోదగడ్డి. మార్చి వచ్చేసరికి ఆ గడ్డి చేత్తో నలిపితే పొడయిపోతుంది. ఎండాకాలం గాలి పడమటి నుంచి కొడుతుంది కాబట్టి కొండ మీద ఎక్కడ అగ్గి పుట్టినా దిగేది కాలనీ మీదికే.

మాల్యాద్రి ఇల్లు ఆ ఐదో వరసలో చిట్టచివరిది. ఇంట్లో ఉండేది తనూ, భార్య పోలేరమ్మా. మూడేళ్ళ కిందట ఆమెకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట తిరిగి వచ్చింది గానీ కాలూ చెయ్యీ రాలేదు. నోటికి మాత్రం ఏ వాతమూ అంటలేదని కాలనీలో అందరికీ తెలుసు. పొద్దున్నే ఆమెకు గంజి తాగించి, మంచం పక్కన మంచినీళ్ళ చెంబు, ఫోను పెట్టి, అరవై గొర్రెల్ని తోలుకుని మాల్యాద్రి కొండకు పోయేవాడు. మధ్యాహ్నం పక్కింటి రమణి వచ్చి అన్నం పెట్టేది. అగ్గి కూడా మధ్యాహ్నమే వస్తుంది. అదే అతని దిగులు.

పోయినేడు ఏప్రిల్లో అలాగే వచ్చింది. ఎవరో గొర్రెలకాపరి కొత్త గడ్డి మొలుస్తుందని పాత బోదకు నిప్పు పెట్టాడు. ఎవరో ఏంటి, మాల్యాద్రి కూడా వయసులో ఉన్నప్పుడు ఎన్నిసార్లు పెట్టలేదు? గాలి తిరిగి అది కిందికి దిగింది. ఐదో వరసలో రెండు కొట్టాలు, ఒక దూడ కాలిపోయాయి. మాల్యాద్రి కొండ మీద నుంచి పొగ చూసి, మందను వదిలేసి పరుగెత్తి వచ్చేసరికి రమణి, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు పోలేరమ్మను మంచంతో సహా ఎత్తుకుని రోడ్డు మీద పెట్టి ఉన్నారు. ఆమె దుప్పటి అంచు కమిలి ఉంది. "ఇంకొంచెం సేపయితే నన్ను తగలెయ్యను వేరే కట్టెలు కొనే పన్లేకపోయేది నీకు" అంది పోలేరమ్మ. అందరూ నవ్వారు. మాల్యాద్రికి మాత్రం ఆ రాత్రి నుంచి కంటికి సరిగా కునుకు లేదు.

ఈ ఏడు ఫిబ్రవరిలో ఫారెస్టు బీట్ ఆఫీసర్ రమేష్‌బాబు వచ్చి కాలనీలో మీటింగు పెట్టాడు. కుర్రాడే గానీ విషయం వివరంగా చెప్పాడు. ఐదో వరస వెనక ఇరవై అడుగుల వెడల్పున కంప, గడ్డి కొట్టేసి ఫైర్‌లైన్ తీయాలి. ఇళ్ళ చుట్టూ కంపదడులు పీకెయ్యాలి. వాకిట్లో డ్రమ్ము నిండా నీళ్ళుండాలి. లేవలేని వాళ్ళు ఏ ఇంట్లో ఉన్నారు, మంటొస్తే వాళ్ళను ఎవరు మోసుకురావాలి అనేది ముందే పేర్లు రాసి పెట్టుకోవాలి. అందరూ తలకాయలు ఊపారు, టీ తాగారు, బిస్కెట్లు పంచుకున్నారు, ఫ్లెక్సీ ముందు నిలబడి ఫొటో దిగారు. మర్నాడు ఆ ఫ్లెక్సీని ఎవరో బర్రెల కొట్టం మీద కప్పుకున్నారు. పేర్లు రాయలేదు, దడి పీకలేదు.

మాల్యాద్రి వారం రోజులు చూసి కాలనీ పెద్దమనిషి మల్లికార్జున దగ్గరికి పోయాడు. మల్లికార్జునకు కాలవ కింద ఆరెకరాల మాగాణి, ట్రాక్టరు, పంచాయతీలో పలుకుబడి ఉన్నాయి. నలభై అయిదేళ్ళ మనిషి, ఎవరినీ గట్టిగా కాదనడు, ఏ పనీ గట్టిగా చెయ్యడు.

"ఏందయ్యా మల్లికార్జునా, ఒక్కరోజు జేసీబీ పెట్టిస్తే అయిపోయే పని గదా!" అన్నాడు మాల్యాద్రి.

"చూద్దాంలే మాల్యాద్రీ."

"ఎప్పుడు చూసేది? కాలినాకా?"

"అబ్బ, నువ్వు మరీను! కోతలు కానీ, చూద్దాం."

ఆ 'చూద్దాం' పట్టుకుని మాల్యాద్రి ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఒక ఆఫీసులో అడవి హద్దురాయికి పైనున్నదే మాది, కిందది మాది కాదన్నారు. ఇంకో ఆఫీసులో అది పంచాయతీ చూసుకోవాలన్నారు. పంచాయతీలో అడిగితే మల్లికార్జునను కలవమన్నారు. మాల్యాద్రికి ఒళ్ళు మండిపోయింది. పోలేరమ్మను ఎండాకాలం రెండు నెలలు ఉదయగిరిలో కూతురు నిరోష ఇంటికి పంపిద్దామనుకున్నాడు. ఆమె ఒప్పుకోలేదు.

"వాళ్ళ ఇల్లు మాత్రం యాడుండాదయ్యా? ఉదయగిరి కొండ కిందే గదా! ఆడికి పోతే అగ్గి రాదని రాసిచ్చినారా నీకు? పైగా అల్లుడు మిద్దెమింద కాపురం. నన్ను ఆ మెట్లు ఎవురు ఎక్కిస్తారు?"

ఇక లాభం లేదని గొడ్డలి తీసుకున్నాడు. గొర్రెల్ని వదిలేముందు తెల్లారగట్ల రెండు గంటలు, తోలుకొచ్చాక పొద్దుపోయేదాకా ఒక గంట. సర్కారు తుమ్మ కొట్టడం అంటే ఆషామాషీ కాదు. మొదలు నరికితే పైనున్న కంప మనిషి మీద పడుతుంది. ముల్లు చెప్పుల్లోంచి దిగి అరికాల్లో విరుగుతుంది. అరికాళ్ళు వాచిపోయాయి, చేతులు గీరుకుపోయాయి. రమణి ఒక్కతే నాలుగు రోజులు వచ్చి గడ్డి కోసింది. మిగిలినవాళ్ళు పళ్ళు తోముకుంటూ వచ్చి నిలబడి, "ఇంకా ఆ పక్కన ఉండాది చూడు" అని సలహాలిచ్చి పోయేవాళ్ళు. ఇరవై ఆరు రోజులకు కాలనీ పొడుగునా ఇరవై అడుగుల వెడల్పుతో నేల కనబడింది. రమేష్‌బాబు వచ్చి చూసి, "మా వాళ్ళు కూడా ఇట్ట తియ్యరు పెద్దాయనా" అన్నాడు. మాల్యాద్రి ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నాడు.

సరిగ్గా ఆరు రోజులు. అంతే. ఏడో రోజు గొర్రెలు తోలుకుని వచ్చేసరికి ఫైర్‌లైన్ మధ్యలో, తన ఇంటికి నలభై అడుగుల దూరంలో, వరిగడ్డి వామి లేచి ఉంది. రెండు ట్రాక్టర్ల గడ్డి. మల్లికార్జునది.

పల్లెటూళ్ళో చదునుగా, శుభ్రంగా ఉన్న నేల కనబడితే ఎవరి చెయ్యి ఊరుకుంటుంది? ముళ్ళు లేవు, చెదలు లేవు, ట్రాక్టరు తిరగడానికి వీలుగా ఉంది. కళ్ళానికి ఇంతకంటే మంచి చోటు ఏముంది? మల్లికార్జున వామి వేశాడని తెలియగానే మూడో వరసవాళ్ళు కందికట్టె తెచ్చి పేర్చారు. నాలుగో వరసవాళ్ళు పిడకలు కొట్టారు. ఒకాయన అయితే మాల్యాద్రి కొట్టిన కంపనే మోపులు కట్టి, ఎండబెట్టుకోవడానికి తిరిగి అదే చోట వరసగా నిలబెట్టాడు. మంట ఎక్కడ ఆగాలని బాట తీశాడో సరిగ్గా అక్కడే కాలనీ మొత్తం కలిసి పొయ్యి పేర్చి పెట్టినట్టయింది. ఎవరికీ చెడ్డ బుద్ధి లేదు, అదే ఇంకా మంట. ఖాళీగా ఉందని పెట్టుకున్నారు, అంతే.

మాల్యాద్రి మల్లికార్జున వాకిట్లోకి పోయి అరిచినంత పని చేశాడు. "నీకు కళ్ళు కనపడతుండాయా లేదా? నేను కొట్టింది నీ గడ్డి కోసమా?"

"అరవమాక. జూన్‌లో తీసేస్తాలే."

"జూన్‌లో వాన పడతాది. అప్పుడు వామి యాడుంటే నాకేంది? మేలో నా పెళ్ళాం కాలిపోతాది. నువ్వు తియ్యలేకుంటే చెప్పు, నేనే మోసి నీ దొడ్లో వేస్తా."

"నా గడ్డి మీద చెయ్యేస్తే బాగుండదు మాల్యాద్రీ."

తిరిగి వచ్చి మంచం పక్కన కూలబడ్డాడు. పోలేరమ్మ అతని మొహం చూసి, "పోనీలేయ్యా. పోయినేడు మోసినోళ్ళు ఈ ఏడు మొయ్యరా?" అంది. ఆ మాట అతనికి రుచించలేదు. మోసేవాళ్ళ దయ మీద ఆమె ప్రాణం ఉండకూడదనే కదా ఇంత చేసింది.

గురువారం నుంచి ఇల్లిల్లూ తిరిగాడు. "ఆదివారం తెల్లవారుజామున బాటంతా కాలుస్తా. ఎవురివి ఉంటే వాళ్ళు తీసుకోండి. మళ్ళా నన్ననొద్దు." గొర్రెలు కాసేవాడికి ఇది తెలిసిన విద్యే. కొట్టిన నేల మీద కూడా ఆకు రాలుతుంది, గడ్డిపరకలు పడతాయి. గాలి లేని వేళ చూసి దాన్ని మనమే ముందు కాలిస్తే నేల నల్లబడుతుంది. నల్లబడిన నేల మీద మళ్ళీ అగ్గి నడవదు. శనివారానికి జనం తిట్టుకుంటూ కందికట్టె, పిడకలు, కంపమోపులు మోసుకుపోయారు. వామి మాత్రం కదల్లేదు. "వాడు కాలుస్తాడా? కాల్చమను చూద్దాం" అన్నాడట మల్లికార్జున.

ఆదివారం తెల్లారగట్ల ఆకు కదలడం లేదు. మాల్యాద్రి రెండు డ్రమ్ముల నీళ్ళు, తడి గోతాలు, పచ్చి వేపమండలు సిద్ధం చేసుకుని కాలనీ వైపు నుంచి అంటించాడు. అడుగడుగునా మంటను కొట్టుకుంటూ, ఇంటివైపు రాకుండా చూసుకుంటూ బాట పొడుగునా నడిచాడు. వామి దగ్గరికి వచ్చి ఒక్క క్షణం ఆగాడు. ఆగి దానికీ అంటించాడు. కోపంతో చేశాడా, జాగ్రత్త కోసం చేశాడా అంటే రెండూ ఉన్నాయి. ఆ క్షణాన ఏది ఎక్కువో అతనికే తెలియదు.

వామి భగ్గుమనేసరికి కాలనీ అంతా లేచింది. మల్లికార్జున తమ్ముళ్ళు వచ్చి మాల్యాద్రిని రెండు దెబ్బలు వేశారు. ఎస్సై వచ్చాడు. కేసు రాశారు. "పశువుల నోటికాడి గడ్డి కాల్చినోడు" అన్న పేరు పడింది. పశువులున్న ఇంట ఇంతకంటే పెద్ద తిట్టు లేదు. అంతకుముందు గోల భరించలేక తప్పుకునే జనం ఇప్పుడు మొహం తిప్పుకున్నారు. రమణి భర్త కూడా, "వాళ్ళింటికి పోయినావంటే బాగుండదు" అన్నాడట. రమణి వేళకు అన్నం గిన్నె మంచం మీద పెట్టి, మాటా పలుకూ లేకుండా వెళ్ళిపోయేది. మాల్యాద్రి గొర్రెలను తన తమ్ముడికి అప్పగించి ఇంటి దగ్గరే ఉండిపోయాడు. వాయిదాలకు ఆత్మకూరు కోర్టుకు పోవాల్సిన రోజున మాత్రం పోలేరమ్మ ఒంటరిది.

మే నెలలో రెండో వాయిదా. కోర్టు వరండాలో జనం కిటకిటలాడుతున్నారు. ఇంకా పేరు పిలవలేదు. పన్నెండు దాటాక ఫోను మోగింది.

"ఏమయ్యా, వాసనొస్తుండాది" అంది పోలేరమ్మ.

"ఏం వాసన?"

"బోద కాలే వాసన. మనుషులు అరస్తుండారు. నువ్వు..."

ఏదో ఠప్పున పడిన చప్పుడయింది. తర్వాత ఎన్నిసార్లు చేసినా మోగుతోందే గానీ ఎత్తడం లేదు. రమణికి చేస్తే అందలేదు. మాల్యాద్రి లేచాడు. లాయరు చొక్కా పట్టుకుని, "ఇప్పుడు పోతే వారెంటు వస్తుందయ్యా!" అన్నాడు.

"రానీ" అని మాల్యాద్రి రోడ్డెక్కాడు.

షేరాటోలో కూర్చున్నాడన్న మాటే గానీ కాలు ఒకచోట నిలవలేదు. డ్రైవరు మనుషుల కోసం ఆగినప్పుడల్లా అందరి మీదా అరిచాడు. అనంతసాగరం దాటగానే పడమట ఆకాశం బూడిదరంగులో కనబడింది. "దేవుడా, దేవుడా" అని పైకే అనుకున్నాడు. కాలనీ మలుపులో ఆటో దిగేసరికి రోడ్డంతా జనం. బైకులు, టీవీలు, గ్యాసు బండలు, మేకలు, బర్రెలు అన్నీ రోడ్డు మీదే ఉన్నాయి.

"పోలేరమ్మ యాడ?" అన్నాడు.

రమణి తన భర్త వైపు చూసింది. ఆయన మల్లికార్జున తమ్ముడి వైపు చూశాడు. ఆయన ఇంకెవరి వైపో చూశాడు. "మీరు తెచ్చినారనుకున్నా" అంది రమణి వాళ్ళతో, సన్నగా.

మాల్యాద్రి చెప్పులు వదిలేసి పరుగెత్తాడు.

పొగలో ఐదో వరస కనబడింది. ఇళ్ళు నిలబడే ఉన్నాయి. వెనక తలుపు బార్లా తీసి ఉంది. పోలేరమ్మ మంచం మీద, ఉన్నచోటనే, కొండ వైపు మొహం పెట్టి పడుకుని ఉంది. దుప్పటి మీద, జుట్టు మీద బూడిద. ఫోను మంచం కింద పడి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ కన్నీళ్ళు లేవు.

"ఎవురూ రాలా" అంది.

మాల్యాద్రి పక్కన కూర్చుని ఆమె పనిచేసే చెయ్యి పట్టుకున్నాడు.

"రమణీ రమణీ అని పిలిచినా. గొంతు పొయ్యేదాకా పిలిచినా. ఎవురూ రాలా. అగ్గి ఆడదాకా వచ్చినాది, ఆ నల్లనేల దాకా. నేను చూస్తానే ఉండా. ఇంక దాటుతాది, దాటుతాది అనుకున్నా. దాటలా. అట్టే తిరిగి తిరిగి ఆరిపోయినాది." కాసేపు ఊపిరి తీసుకుని, "నువ్వు ఆ వామి కాల్చకుండా ఉంటే వాళ్ళొచ్చేవాళ్ళేమో. కాల్చకుండా ఉంటే వాళ్ళొచ్చినా నేను మిగిలేదాన్ని కాదు. ఏమనాలయ్యా నిన్ను!" అంది. అప్పుడు ఏడ్చింది.

బయటికి వచ్చి చూశాడు. నల్లబాటకు ఆవలంతా కొండ మీద దాకా కాలి మసయింది. ఈవల ఒక్క పుల్ల అంటుకోలేదు. సాయంత్రానికి జనం ఇళ్ళు చేరుకున్నారు. గాలి తిరిగిందని ఒకరు, అమ్మవారు కాపాడిందని ఒకరు అనుకున్నారు. వచ్చే మంగళవారం పొంగళ్ళు పెట్టాలని తీర్మానమయింది. ఫైర్‌లైన్ సంగతి ఎవరూ ఎత్తలేదు. రమణి మాత్రం చెంబుడు మజ్జిగ తెచ్చి గడప దగ్గర నిలబడి, లోపలికి రావడానికి మొహం చెల్లక అక్కడే పెట్టి పోయింది.

మర్నాడు మల్లికార్జున వచ్చాడు. మంచం వైపు చూడకుండా, "అయిందేదో అయింది మాల్యాద్రీ. రాజీ అయిపోదాం. వచ్చే నెల ఆత్మకూరులో లోక్ అదాలత్ ఉండాది. కేసు కొట్టేయిస్తా" అన్నాడు.

మాల్యాద్రికి అణుచుకున్నదంతా ఒక్కసారిగా పొంగింది. "కొట్టేయించొద్దు! బాట నేనే కాల్చినానని ఆ కేసు కాగితంలో రాసుండాది. ఇంకెవురి నోట్లోనన్నా వచ్చినాదా ఆ మాట? అమ్మోరంట, గాలంట! ఉండనీ ఆ కేసు. జడ్జీ కాడ కూడా చెప్తా, నేనే కాల్చినా, వచ్చే ఏడు కూడా కాలుస్తా అని."

"చెప్పినావులే గొప్ప!" అంది పోలేరమ్మ మంచం మీద నుంచి. "నువ్వు నెలనెలా వాయిదాలకి బోతే నా కాడ ఎవురుంటారు? మళ్ళా ఇట్టనే పడుండి చూస్తా ఉండాల్నా నేను?"

మాల్యాద్రి మంచం వైపు తిరిగి, ఆమె కాళ్ళ మీది దుప్పటి సరిచేశాడు. మల్లికార్జున తల వంచుకుని వెళ్ళిపోయాడు.

లోక్ అదాలత్ రోజున రమణి పోలేరమ్మ దగ్గర ఉంటానంది. ఉంటుందనే అనుకుంటూ వచ్చాడు మాల్యాద్రి. గుమాస్తా రాజీ కాగితం చదివి వినిపించాడు. ఫిర్యాది వరిగడ్డి వామి ప్రమాదవశాత్తు దానంతట అదే అంటుకుని కాలిపోయినదనీ, ఇందులో మాల్యాద్రి ప్రమేయం ఏమీ లేదనీ, ఫిర్యాది పొరపాటున అతన్ని అనుమానించాడనీ దాని సారాంశం.

"ఏ ప్రమేయమూ లేదు, సమ్మతమేనా?" అన్నాడు గుమాస్తా.

మాల్యాద్రి గోడ గడియారం వైపు చూశాడు. పన్నెండుకు పది నిమిషాలుంది. పన్నెండింటి బస్సు పోతే ఊరికి మళ్ళీ మూడింటికే.

"సమ్మతమే" అని సంతకం పెట్టాడు.